బూటులో ఈదిన కాలు

బూట్లు ఎప్పుడూ ఒక సైజు పెద్దవే కొనాలన్నది మా పుట్టింటి వేదం. కాకినాడలో చెప్పుల షాపుకి వెళితే అమ్మ నా మడమ వెనక తన చూపుడువేలు దూర్చి చూసేది. వేలు సులువుగా దూరితేనే బేరం మొదలయ్యేది. మా ఇంట్లో ప్రతి బూటుకీ మూడు వయసులుండేవి. మొదట దూది వయసు, అంటే ముందు భాగంలో దూది కుక్కుకుని నడవాలి. తర్వాత కాలు వయసు. ఆఖర్న చిల్లు వయసు. బడి పరుగుపందేల్లో నేను గెలిచినవన్నీ ఆ నడిమి వయసులోనే అయ్యుంటాయని ఇప్పుడు తడుతోంది గానీ, అప్పట్లో ఆ ఘనతంతా నా పరుగుదేననుకుని తెగ మురిసిపోయాను.

ఆ వేదాన్నే నమ్ముకుని, నలభై దాటాక, నేను దుబాయ్‌లో మంచు మీద జారడానికి బయల్దేరాను. జారడమంటే అరటితొక్క మీద జారడం కాదండోయ్, స్కీయింగ్! కాళ్ళకి రాయిలాంటి ప్లాస్టిక్ బూట్లు తొడుక్కుని, వాటికి పొడవాటి సన్నని పలకలు బిగించుకుని, మంచు వాలు మీంచి కిందికి దిగడం. ఎడారి దేశంలో మంచెక్కడిదంటారా? ఒక పెద్ద మాల్ లోపల, గోదాముకన్నా పెద్ద హాలుని ఫ్రిజ్ చేసినట్టు చేసి, అందులో మంచు పోసి కొండ కట్టారు. బయట ఆగస్టు ఎండకి కారు తలుపు పట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. లోపల నోరు తెరిస్తే ఆవిరి. ఒక పక్క గోడంతా అద్దాలు. అద్దాల అవతల కాఫీలు తాగుతూ జనం మనం పడుతుంటే చూస్తారు. బాగా పడితే వీడియో కూడా తీస్తారు.

పదమూడేళ్ళ మా అమ్మాయి స్కూలు స్నేహితులతో కలిసి అక్కడ నేర్చుకుంది. కరోనా తగ్గాక తెరిచిన క్లబ్బు అది. వారం వారం షార్జా నుంచి దాన్ని తీసుకెళ్ళడం, అద్దం అవతల దాని బ్యాగూ నీళ్ళ సీసా పట్టుకుని కూర్చోవడం, ఇదీ మా దంపతుల పని. అది పై నుంచి దూసుకొస్తుంటే నేను నీళ్ళ సీసా మూత ఇంకా గట్టిగా బిగించేదాన్ని. అది కిందికొచ్చి ఆగి, హెల్మెట్ సర్దుకుని, మా వైపు చూడకుండానే మళ్ళీ లిఫ్ట్ దగ్గరికి పోయేది.

ఆ ఏడు క్లబ్బువాళ్ళు ఒక సరదా పోటీ పెట్టారు. పిల్ల ఒకరు, తల్లో తండ్రో ఒకరు, జంటగా కొండ పై నుంచి జెండాల మధ్య దిగాలి. ఇద్దరూ గీత దాటితేనే లెక్క. అయితే కొత్తవాళ్ళని ఊరికే పైకి పంపరు. చెప్పిన వైపు మలుపు తిరగడం, చెప్పిన చోట ఆగడం, ఈ రెండూ టీచరు ముందు చేసి చూపిస్తేనే కుర్చీల లిఫ్ట్ ఎక్కనిస్తారు. అప్పటిదాకా కింద బుజ్జి వాలు మీద పసిపిల్లలతో పాటు ఆడుకోవాల్సిందే.

ఆ కబురు మా అమ్మాయి షార్జా ట్రాఫిక్‌లో, కారు వెనక సీట్లో ఫోన్ చూసుకుంటూ చెప్పింది. "నాన్నకి మోకాలు ఆపరేషనయిందిగా, ఆయన రాలేరు. పర్లేదులే, పేరెంట్స్ రాలేకపోతే కోచ్ వస్తారంట. నేను కోచ్‌తో వెళ్తాను."

నాన్నకి మోకాలు. మరి అమ్మకేమయింది? అమ్మ పేరు దాని నోటికే రాలేదు! నాకు ఒళ్ళు మండింది.

"నేనొస్తా," అన్నాను.

"నువ్వా?" అన్నారు తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒకేసారి. ఆయన అద్దంలోంచి వెనక్కి చూసి కూతురితో కళ్ళు కలపడం కూడా నేను గమనించాను. ఆ "నువ్వా" లేకపోతే మర్నాటికి నా ఆవేశం చల్లారిపోయేదేమో. ఆ ఒక్క మాటతో ఖలాస్, నిర్ణయం జరిగిపోయింది.

మర్నాడు ఆఫీసు నుంచి తిన్నగా షార్జాలో రోలా బజారుకి వెళ్ళాను. అక్కడి సందుల్లో దొరకనిదంటూ లేదు. బట్టలకొట్టు నడిపే నెల్లూరు భాయ్ మెట్లెక్కి అటక మీంచి ఉన్ని సాక్సులు దింపాడు.

"ఏందక్కా, ఈ ఎండల్లో ఉన్ని సాక్సులా? కాశ్మీరు పోతన్నారా?"

"కాదు భాయ్, దుబాయ్."

ఆయన నన్నొక చూపు చూసి, సాక్సులు సంచిలో వేశాడు. మూడు జతలు కొన్నాను. విడివిడిగా మార్చి మార్చి తొడుక్కోవడానికి కాదు, ఒకదాని మీద ఒకటి తొడుక్కోవడానికి. మంచు కదా మరి. కోతిటోపీ కూడా కొన్నాను. దాన్ని హెల్మెట్ కింద పెట్టుకుంటే తనకి తెలిసినవాళ్ళెవరికీ నేనెవరో చెప్పనని మా అమ్మాయి ముందే హెచ్చరించింది. కోతిటోపీ ఇంట్లో వదిలేశాను. సాక్సుల సంగతి దానికి చెప్పలేదు.

బూట్లు అక్కడే అద్దెకిస్తారు. కౌంటర్లో నా పాదాన్ని ఒక లోహపు పలక మీద పెట్టించి కొలిచి, సెంటీమీటర్ల లెక్కన ఒక జత తెచ్చారు. తొడుక్కుని నిటారుగా నిలబడ్డాను. బొటనవేలు ముందు గోడకి తగిలింది. తగలడమే! మా అమ్మ చూపుడువేలుకి చోటేదీ? వెనక మడమ దగ్గర కాగితం కూడా దూరదు. "పెద్దవి ఇవ్వండి," అన్నాను. కొలత సరిగ్గానే ఉంది మేడమ్ అన్నారు. మా కాళ్ళ సంగతి మాకు తెలియదా అన్నాను. వెనక వరస పెరుగుతోంది, వాళ్ళు ఇచ్చేశారు. ఆ పెద్దవి మూడు సాక్సులతో పట్టలేదు. ఇంకా పెద్దవి అడిగి పుచ్చుకున్నాను. కాలు హాయిగా కూర్చుంది. నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను.

ఆ హాయి ఎంతసేపుందంటే మంచు మీద అడుగు పెట్టేదాకా. అక్కడ నా కాలొకటి తలిస్తే పలకొకటి తలిచేది. ఎడమకి తిరగాలంటే కుడిపాదం లోపలి అంచు మీద బరువు వెయ్యాలని నేర్పారు. నేను వేసేదాన్ని. బూటు లోపల నా పాదం బుద్ధిగా తిరిగేది. బూటు తిరిగేది కాదు. నా కాలు చెప్పిన మాట బూటుకి చేరేసరికి వాలు చివర అడ్డంగా కట్టిన నారింజరంగు వల వచ్చేసేది. ఆ వలలో నేను ఎన్నిసార్లు చిక్కుకున్నానంటే, అందులోంచి పడ్డవాళ్ళని తీసే ఆయన నన్ను చూడగానే నవ్వుతూ చేతులకి గ్లౌజులు వేసుకునేవాడు.

పట్టు దొరకడం లేదని బూటు మీది బకిళ్ళు ఇంకా బిగించాను. అప్పుడు కాలి వేళ్ళు మొద్దుబారాయి. చలికే మొద్దుబారాయనుకుని సాక్సులు మోకాలిదాకా లాక్కున్నాను. లోపల వేసుకున్న ఉన్ని లెగ్గింగు అంచు కూడా బూటులోకి దోపాను. సాయంత్రానికి మోకాలి కింది ఎముక మీద నీలం చారలు, బొటనవేలి గోరు నల్లగా. ఉప్పు వేసిన వేణ్ణీళ్ళలో పాదాలు పెట్టుకుని కూర్చుంటే మా ఆయన వచ్చి చూసి, "ఏమోయ్, ఎవరైనా దొంగతనం చేశావని కొట్టారా?" అన్నారు. నవ్వే ఓపిక లేదు నాకు.

మొదటి పరీక్ష వలలో ముగిసింది. రెండోసారి వల దాకా కూడా పోలేదు, మలుపు దగ్గరే కూలబడ్డాను. వయసు మీదపడిందన్నాను. ఎముకల్లో సున్నం లేదన్నాను. సముద్రం ఒడ్డున పుట్టినదానికి మంచెందుకన్నాను. బూట్ల మీద మాత్రం ఈగ వాలనివ్వలేదు. సౌకర్యంగా నడవగలుగుతున్నా కదా వాటిలో!

"పర్లేదమ్మా," అంది మా అమ్మాయి. ఆ నెలలో నేను భూమ్మీద అన్నిటికన్నా అసహ్యించుకున్న మాట అదే.

పోటీ శనివారం పెట్టారు. ఆ పొద్దున్నే, పోటీకి ముందు, కొత్తవాళ్ళకి ఆఖరి పరీక్ష. కుదిరితే సరే సరి, కుదరకపోతే అద్దం అవతల నా కుర్చీ నాకుంది. ఆ రోజు పరీక్ష పెట్టడానికి పెద్ద కోచ్ స్వయంగా వచ్చింది. లెబనాన్ ఆవిడ. అక్కడి మంచుకొండల్లో పెరిగింది. గొంతు విప్పితే హాలు దద్దరిల్లుతుంది. ఎవర్నైనా హబీబ్తీ, అంటే బంగారూ, అంటుంది, అంటూనే తిడుతుంది.

నేను ఒక మలుపు తిరిగానో లేదో ఈల ఊదింది. గబగబా వచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. నా బూటు పై అంచు రెండు చేతులా నొక్కిపట్టి, "మడమ పైకి ఎత్తు," అంది. ఎత్తాను. లోపల నా మడమ లిఫ్ట్ ఎక్కినట్టు పైకి వచ్చేసింది. బూటు నేల మీదే ఉంది.

ఆవిడ తలెత్తి నన్ను చూసింది. "హబీబ్తీ, నీ కాలు ఇందులో అద్దెకుంటోందా?"

అక్కడే బెంచీ మీద కూర్చోబెట్టి బూటు లాగింది. మొదటి సాక్సు చూసింది. దాని కింద రెండోది కనిపించింది. "యా అల్లా," అంది. మూడోది కూడా వచ్చాక పక్కనున్న కోచ్‌ని పిలిచి మరీ చూపించింది. ఆ పక్కనే మా అమ్మాయి నిలబడి ఉంది, పోటీ నంబరు జాకెట్టు మీద కట్టుకుని. నవ్వుతుందేమో అని చూశాను. నవ్వలేదు. గోడ గడియారం వైపు చూస్తోంది.

కౌంటర్ దగ్గర ఆవిడకీ నాకూ యుద్ధం జరిగింది. మొదటి రోజు నేను కాదన్న కొలత జతే తెప్పించింది. సన్నటి సాక్సు ఒక్కటి ఇచ్చి, ముడత లేకుండా లాక్కోమంది. లెగ్గింగు బూటులోంచి బయటికి తీయించింది. ముడత పడిన గుడ్డే ఎముకని కోస్తుందట. తొడుక్కుని నిలబడ్డాను. మళ్ళీ బొటనవేలు తగిలింది.

"ఇదిగో, తగులుతోంది! చెప్పానా?" అన్నాను.

"తగలాలి."

"మా దేశంలో బూటు వెనక వేలు పట్టాలి."

"మీ దేశంలో మంచుందా?"

"ఎందుకు లేదు? హిమాలయాలే ఉన్నాయి."

"నువ్వెళ్ళావా?"

"లేదు."

"ఖలాస్."

అయినా నేను ఊరుకుంటానా? నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. కాలికి గాలి ఆడాలని, రక్తం నడవాలని, చలికి పలచటి సాక్సు చాలదని నా శాస్త్రమంతా విప్పాను. అద్దం అవతల నుంచి మా ఆయన చేతులు జోడించి సైగలు చేస్తున్నారు, ఆవిడ చెప్పినట్టు వినవే తల్లీ అని. ఆవిడ నా శాస్త్రమంతా చివరిదాకా విని, నా మోకాలి వెనక తన చేత్తో ఒక్కటి తట్టింది.

"మోకాళ్ళు వంచు. ముందుకి వాలు. స్కీ మీద నిటారుగా ఎవరు నిలబడతారు?"

వంచాను. ఏం జరిగిందో చెబితే నమ్మండి. నా మడమ దానంతటదే వెనక్కి జరిగి బూటు గుంటలో కుదురుగా కూర్చుంది. దాంతో పాటు వేళ్ళు వెనక్కి వచ్చాయి. బొటనవేలి ముందు గోడ లేదు! వేళ్ళు ఆడించాను, ఆడాయి. మోకాలి కింది ఎముక మొత్తం బూటు నాలుకకి ఆనింది, ఒకచోట నొక్కి ఒకచోట వదలకుండా. ఆవిడ బకిళ్ళు ఒక్కొక్కటే పెట్టింది, చిటికెనవేలి బలంతో. నేను వాటిని రెండు చేతులా పళ్ళు బిగించి మరీ బిగించేదాన్ని!

"వదులు బూటుని ఎంత బిగించినా అది కాలుని పట్టుకోదు, నలుపుతుంది," అందావిడ. "రక్తం ఆగితే వేళ్ళు చల్లబడతాయి. నువ్వు ఇంకో సాక్సు వేస్తావు. అది చెమటకి తడుస్తుంది. ఇంకా చల్లబడతాయి. సరైన కొలతైతే పలచటి సాక్సు చాలు. యల్లా, పద!"

మంచు మీదకొచ్చాను. కుడిపాదం మీద కొంచెం, నిజంగా కొంచెమే, బరువు వేశాను.

తిరిగింది!

నేను వేసిన క్షణంలోనే తిరిగింది. నా మనసులో మాట కాలికి, కాలి మాట బూటుకి, బూటు మాట పలకకి, మధ్యలో ఎవరూ ఆలస్యం చెయ్యకుండా చేరిపోయింది. నాకు నోటి వెంట కేక వచ్చింది. ఎడమపాదం మీద వేశాను. కుడికి తిరిగింది! ఆగమన్నచోట ఆగాను. ఆగడమే కాదు, ఆగి అక్కడే నిలబడ్డాను. వలలోంచి తీసే ఆయన దూరం నుంచి గ్లౌజులు తీసేసి చప్పట్లు కొట్టాడు. ఇన్నాళ్ళూ నా ఎముకల్ని, నా వయసుని, నేను పుట్టిన ఊరిని ఆడిపోసుకున్నాను. అవేవీ ఏ పాపం చెయ్యలేదు.

"లిఫ్ట్ ఎక్కు," అంది లెబనాన్ ఆవిడ.

కుర్చీల లిఫ్ట్‌లో ముగ్గురం వరసగా కూర్చున్నాం, ఆవిడా నేనూ మా అమ్మాయీ. కాళ్ళు గాల్లో. కింద కాఫీ కప్పులంత మనుషులు. అద్దం అవతల ఎక్కడో మా ఆయన, బ్యాగూ నీళ్ళ సీసా పట్టుకుని ఒంటరిగా. పైకి చేరి వాలు అంచున నిలబడ్డాక మాత్రం నా ఉత్సాహం కొంత జావగారింది. కింది నుంచి వాలులా కనిపించింది పై నుంచి నుయ్యిలా ఉంది. ముందు జంటలు ఒక్కొక్కటే వెళుతున్నాయి. తర్వాత మేమే.

లెబనాన్ ఆవిడ చెవిలో, మా అమ్మాయికి వినపడకూడదని, మెల్లిగా అన్నాను. "నావల్ల కాకపోతే మీరు దీనితో దిగుతారు కదా? ముందే అనుకున్నారుగా."

"నేనా?" ఆవిడకి మెల్లిగా మాట్లాడటం ఈ జన్మలో రాదు. "నాకెవరూ చెప్పలేదే! కోచ్ కావాలని నీ కూతురు అడగనే లేదు. మొదటి రోజు నుంచీ నీ పేరే చెబుతోంది."

నేను మా అమ్మాయి వైపు తిరిగాను. అది మంచు కళ్ళద్దాలు తుడుచుకుంటోంది.

"కోచ్‌తో వెళ్తానన్నావు కదే?"

"అన్నాను."

"మరి?"

"ఎప్పుడూ కోచ్‌తోనే దిగుతున్నాగా. దానికి ఈ పోటీ ఎందుకు?"

"నేను పాసవ్వకపోయుంటే ఏం చేసేదానివి?"

"ఏముంది, అద్దం అవతల నీ పక్కన కూర్చుని చూసేదాన్ని," అంది, అదేదో మామూలు విషయంలా. కళ్ళద్దాలు పెట్టేసుకుంది. "పద అమ్మా, మన నంబరు పిలుస్తున్నారు."

నాకు ఏడుపొచ్చింది, చెప్పడానికి సిగ్గేం లేదు. కానీ మంచులో ఏడిస్తే కళ్ళద్దాలకి మసక పడుతుంది, ముందు జెండాలు కనపడవు. ముక్కు ఎగబీల్చి, మోకాళ్ళు వంచాను.

ఈల. జారాను!

మొదటి జెండా దగ్గర కుడిపాదం. తిరిగింది. రెండో దాని దగ్గర ఎడమ. తిరిగింది. చెవుల్లో గాలి హోరు, బుగ్గల మీద సూదుల్లాంటి చలి, కాళ్ళ కింద మంచు కరకర. పక్కన మా అమ్మాయి. నన్ను దాటి పోగలదు, కళ్ళు మూసుకుని దాటగలదు, కానీ పోవడం లేదు. "కుడి! కుడి! ఇప్పుడు ఎడమ! అమ్మా సూపర్!" అని అరుస్తోంది. నేనూ అరుస్తున్నాను. ఏమని అరిచానో నాకు తెలియదు. తర్వాత వీడియోలో చూస్తే కాకినాడ భాషలో దేవుళ్ళందరినీ వరసగా పిలుస్తున్నాను, వాళ్ళెవరూ స్కీయింగ్ ఎరగరని తెలిసి కూడా. మధ్యలో ఒకచోట వేగం ఎక్కువైంది. భయపడి వెనక్కి వాలబోయాను. ముందున్న బూటు నాలుక నా ఎముకని వదల్లేదు, మళ్ళీ ముందుకి వచ్చేశాను. ఆఖరి జెండా! గీత! ఇద్దరం పక్కపక్కనే దాటాం. పలకల ముందు కొసలు దగ్గరికి చేర్చి ఆగాను. వలకి చాలా దూరంలో ఆగాను!

మేం చివరి నుంచి రెండో స్థానంలో వచ్చాం. మా వెనక వచ్చిన జంటలో తండ్రి ఒక పలక పోగొట్టుకున్నాడు. అయినా అద్దం అవతల మా ఆయన, నీళ్ళ సీసా గాల్లో ఊపుతూ, పక్క టేబుళ్ళవాళ్ళందరికీ మమ్మల్ని చూపిస్తున్నారు.

మైకులో బహుమతులకి రమ్మని పిలుస్తున్నారు. అటు వెళదామని నేను కదిలితే మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని లిఫ్ట్ వైపు లాగింది.

"మనకేం రాదుగా. ఇప్పుడు ఖాళీగా ఉంటుంది, ఇంకోసారి వెళ్దాం."

రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, నా బూట్ల వైపు చూసింది.

"కాళ్ళు నొప్పెడుతున్నాయా అమ్మా?"

"ఏ కాళ్ళే?" అన్నాను.